పదవ రోజున కూడా వచ్చేవారు

2021లో కోవిడ్ రెండవ విజృంభణ వేళ, అయినవారే తాకడానికి జంకిన పార్థివ దేహాలకు తిరుపతి ముస్లిం యువకులు ఎవరి మతాచారం ప్రకారం వారికి అంత్యక్రియలు జరిపించారు. మృతులు కృతజ్ఞత తెలుపరు కదా. మరి ఆ యువకులను మరునాడు మళ్ళీ రప్పించినదేమిటి? జాలి అంటారు. జాలి మొదటి రోజుకు సరిపోతుంది. సెల్ఫీ మోజు అంతకూ చాలదు.

మా విద్యార్థులలో మేము గమనించినంత మేరకు, పదవ రోజున కూడా వచ్చేవాడు తనకంటూ ఒక పని అప్పగింపబడినవాడే. ‘నీవు రాకుంటే ఆ దేహం అక్కడే ఉండిపోతుంది’ అని పెద్దలు నమ్మి చెప్పిన మాట అతనిని కదిలిస్తుంది. అర్ధరాత్రి తిరిగి వచ్చే కుమారుని గుసుల్ కొరకు వేడినీళ్ళు సిద్ధపరచే తల్లికీ ఆ పుణ్యంలో భాగముంది. మనలో పలువురమేమో, ‘నీకెందుకురా’ అంటూ గడపలోనే ఆపుతున్నాము.