పిక్క పగలకొట్టకముందే నంబరు

మొన్న సాయంత్రం క్లాసులైపోయాక మా ఫైనలియర్ కుర్రాడొకడు స్టాఫ్‌రూమ్ బయట మెట్ల మీద లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సెకండ్‌హ్యాండ్‌ది. మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసుంది. ఏం చేస్తున్నావురా అంటే తలెత్తకుండానే, "ఈ గుంటడిని అమ్మీయాలా, ఉంచుకోవాలా అని సూస్తన్నాను సార్" అన్నాడు.

ఆట పేరు ఫుట్‌బాల్ మేనేజర్. తెలియని మిత్రుల కోసం చెబుతున్నాను, ఇందులో బంతి తన్నేది మనం కాదు. మనం క్లబ్బు నడపాలి. ఏడాదికొకసారి పదిహేను, పదహారేళ్ల కుర్రాళ్ల గుంపు ఒకటి అకాడమీలోకి వస్తుంది. వాళ్లలో ఎవరిని పెంచాలి, ఎవరిని వేరే జట్టుకి కొన్నాళ్లు అప్పివ్వాలి, ఎవరిని ఎంతకి అమ్మాలి అన్నది మన తెలివి. మావాడిది కింది డివిజన్‌లో అప్పుల్లో ఉన్న చిన్న క్లబ్బు. పదిహేడేళ్ల వాడొకణ్ని పెద్ద క్లబ్బు అడుగుతోంది. అమ్మితే అప్పులు తీరిపోతాయి.

"ఆడిలో ఎంత సరుకుందో తెలిస్తే గొడవ లేదు సార్. ఆ నంబరు దాసేస్తారు."

ఏ నంబరని అడిగితే అరగంట క్లాసు చెప్పాడు. ఆటలో ప్రతి ఆటగాడి వెనకా రెండు అంకెలుంటాయట, రెండూ 200 లోపువే. ఒకటి ఇవాళ వాడెంత ఆడగలడో చెబుతుంది. రెండోది వాడు జన్మలో ఎంతదాకా ఎదగగలడో చెబుతుంది. ఆట కొత్తగా పుట్టించే కుర్రాళ్లకి ఆ రెండో అంకె పుట్టిన రోజునే పడిపోతుంది. ఎంత మంచి కోచ్‌ని పెట్టినా దాన్ని దాటలేడు. మనకి మాత్రం చూపించరు. కోచ్‌లు నక్షత్రాలేసి ఒక అంచనా చెబుతారు, అది తప్పూ కావచ్చు.

నాకు నవ్వొచ్చింది. ఆ రెండో నంబరు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మా పేటలో పుట్టినవాళ్లకి దాన్ని ఎవరూ దాచరు. ఒకప్పుడు నుదుటి రాత అనేవారు. ఇప్పుడు చదువుకున్నవాళ్లు మెరిట్ అంటున్నారు. మాట మారింది కానీ అంకె వేసే రోజు మారలేదు, పుట్టిన రోజే. నేను పనిచేసిన ఒక స్టాఫ్‌రూమ్‌లో (ఎక్కడన్నది వదిలేయండి) ఒక పెద్దాయన టీ తాగుతూ "వాళ్లలో సరుకుండదండీ, ఎంత తోమినా అంతే" అన్నాడు. వాళ్లెవరో చెప్పనక్కర్లేదు. నా పీహెచ్‌డీ వైవాకి వారం ముందు మాట అది.

పలాసలో సరుకు గురించి మాట్లాడాలంటే మా అమ్మను అడగాలి. పాతికేళ్లు జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసింది. పిక్క నూనెకి ఆమె వేళ్లు నల్లబడి తోలు ఊడిపోయేవి. జీడిపప్పుకీ నంబర్లున్నాయి, 180, 240, 320 అని. పౌనుకి ఎన్ని గింజలు తూగుతాయన్నదే ఆ నంబరు. అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ. అయితే ఏ షావుకారూ పిక్క మీద 180 అని రాయడు. కాల్చాలి, పగలకొట్టాలి, ఆరబెట్టాలి, పొట్టు తీయాలి. అప్పుడు తూకం. ఇంకో సంగతి, ఎంత పెద్ద గింజైనా పగలకొట్టే చెయ్యి సరిగా లేకపోతే బద్దలైపోతుంది. గుండు కావలసింది బద్ద ధరకి పోతుంది. అది పిక్క తప్పని మా అమ్మ ఎప్పుడూ అనలేదు.

ఆ ఆట చేసినవాళ్లకీ ఈ సంగతి తెలుసు, ఒప్పుకోవాలి. ఎంత పెద్ద నంబరున్న కుర్రాణ్నయినా బెంచీ మీద కూర్చోబెడితే ఎదగడు. మంచి మైదానం, కోచ్, అన్నిటికన్నా ముఖ్యంగా మ్యాచ్‌లో నిమిషాలు కావాలి. మావాడు ఒకణ్ని రెండేళ్లు ఆడించకుండా ఉంచేసి పాడుచేశానని ఇప్పటికీ బాధపడతాడు. మరి మన పేటల్లో ఎవరికి ఎన్ని నిమిషాలిచ్చి, ఇంతే సరుకని తేల్చారు?

నిమిషాలిస్తే ఏమవుతుందో చూసిన జిల్లా మనది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న ఆడపిల్లల చేతికి బార్ ఇచ్చాడు. అక్కణ్నుంచి బయల్దేరిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కేజీలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఫుట్‌బాల్ సంగతే కావాలంటే హైదరాబాద్ వెళ్లాలి. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. అమ్ముగూడలో పేద ఇంటి కుర్రాడు తులసీదాస్ బలరాంని పట్టుకున్నది ఆయనే. ఆ బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో ఉన్నాడు, 1962 జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. మధ్యలో 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయాడు. అలా వెళ్లినవాడు అతనొక్కడే కాదు. హైదరాబాద్ పెంచడం, కలకత్తా ఆడించుకోవడం ఆ రోజుల్లో మామూలే. పెంచిన అమ్ముగూడలాంటి చోట్లకి ఏం వెనక్కొచ్చిందని ఎవరూ అడగలేదు.

ఇవాళ అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో అడుగుతారు. 2001లో ఫిఫా ఒక నియమం తెచ్చింది. ఒక దేశం క్లబ్బు నుంచి ఇంకో దేశం క్లబ్బుకి ఆటగాణ్ని డబ్బిచ్చి కొంటే, ఆ సొమ్ములో 5 శాతం పక్కన పెట్టి, వాడికి 12 ఏళ్ల నుంచి 23 ఏళ్ల దాకా ఆట నేర్పిన క్లబ్బులన్నిటికీ పంచాలి. 12 నుంచి 15 దాకా ఏడాదికి పావు శాతం, ఆ తర్వాత అర శాతం. పది కోట్లకి అమ్ముడుపోతే, పన్నెండేళ్లప్పుడు వాణ్ని చేరదీసి నాలుగేళ్లు పెంచిన చిన్న క్లబ్బుకి పది లక్షలు. దాన, ధర్మం కాదు, బాకీ. ఈ నియమం వెనక ఒక ఒప్పుకోలుంది: ప్రతిభ కుర్రాడి కడుపులోంచి ఊడిపడదు, ఎవరో కొందరు ఏళ్ల తరబడి తయారుచేస్తారు.

మెరిట్ మెరిట్ అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. నా లెక్క నేను వేసుకున్నాను. నా చదువులో మా అమ్మ వేళ్లున్నాయి. సాంఘిక సంక్షేమ హాస్టల్లో అన్నం వండి, జ్వరమొస్తే గంజి కాచిచ్చిన ఆవిడ ఉంది. చేతిరాత దిద్దిన మాష్టారున్నారు. మా తాత ఒక కామందు దగ్గర కంబారి. ఏడాది పనికి ఇన్ని ధాన్యమని ముందే మాటయిపోయేది, ఆ మాట మాట్లాడుకునేది కామందూ, ముత్తాతా. మనిషిని అడిగేవారు కాదు. ఆటలో పదిహేడేళ్ల వాణ్ని అమ్మేటప్పుడు కనీసం జీతం గురించి వాడితో మాట్లాడాలట.

ఇప్పుడు మా కుర్రాడి సంగతి. వాళ్లది వజ్రపుకొత్తూరు మండలం, సముద్రం వైపు పల్లె. 2018 తిత్లీ తుఫానుకి ఊరి చుట్టూ కొబ్బరీ జీడీ నేలకూలాయి. కూలిన చెట్టుకి బదులు నాటిన కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, అప్పటిదాకా తోటలో కూలి ఎక్కడుంటుంది? తండ్రికి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఆ మాటకి వివరణ అక్కర్లేదు. వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. మందులకని చెన్నై సెంట్రింగ్ పని మేస్త్రీ దగ్గర ఇరవై వేలు అడ్వాన్సు తీసుకున్నారు. కుర్రాడు వచ్చే గురువారం బండెక్కాలి. ఆఖరి సెమిస్టర్ పరీక్షలు ఇంకా ఆరు వారాలున్నాయి. తెలుగు ఛందస్సు వీడికి నోటికొచ్చినట్టు క్లాసులో ఇంకెవరికీ రాదు.

"మరేటి సేస్తాం సార్, నాన్న ఉండాలి కదా" అన్నాడు. ఆటలోని గుంటణ్ని ఏం చేశావని అడిగాను. అమ్మలేదట. ఇంకో సీజన్ ఆడిస్తానన్నాడు.

మేస్త్రీతో మాట్లాడాను. చెడ్డవాడేం కాదు, మన పేటవాడే, ఒకప్పుడు వాడూ పదిహేడేళ్లకే వెళ్లినవాడు. పరీక్షలయ్యేదాకా ఆగుతాను గానీ అడ్వాన్సు వెనక్కి కావాలన్నాడు, పైవాడు తనని అడుగుతాడట. ఆదివారం సాయంత్రం మా పేట అంబేద్కర్ భవనం అరుగు మీద ఆ ఇరవై వేల గురించి కూర్చుంటున్నాం. పలాస, టెక్కలి చుట్టుపక్కల హాస్టళ్లలో చదివి ఇవాళ జీతం తీసుకుంటున్న మిత్రులెవరైనా రావచ్చు.