వేసవిని నిందింపదగునా?

వేసవి వచ్చినంతనే మన తిరువూరి ప్రాంతమున నెచ్చట జూచినను నొక్కటే మాట వినవచ్చును: "అబ్బా, ఏమి యెండలు!" అంగడివీధిలోను, బస్సులోను, పెండ్లిపందిటిలోను కుశలప్రశ్నకు మారుగా నెండను దిట్టుట మర్యాద యైపోయినది. ఇంతగా నిందలు పడు ఋతువు మఱియొకటి లేదు. అయినను విద్యార్థులమగు మేము సంవత్సరమంతయు వ్రేళ్లపై లెక్కించుచు నెదురుచూచునదియు నీ ఋతువునకే గదా! ఈ నిందయు నీ మక్కువయు నెట్లు పొసగుచున్నవో విచారించి మా యభిప్రాయమును జదువరుల యెదుట నుంచుచున్నాము.

న్యాయముగా మొదట వేసవి నేరములనే చెప్పుదుము. మన యూరు సముద్రమునకు దూరముగా మెట్టపొలముల నడుమ నున్నది. సాయంకాలమున బందరువారి సెగను దీర్చు సముద్రపుగాలి మనవఱకు వచ్చుట యరుదు. మే నెలలో వీచు వడగాలి మాత్రము తప్పక వచ్చును. రోహిణీ కార్తెలో రోళ్లు పగులునను సామెత మనవంటి యూళ్లలోనే పుట్టియుండవలెను. కుళాయి ద్రిప్పిన కాగిన నీరు వచ్చును. ఎండలో నిలిపిన సైకిలుపై గూర్చున్నవాడు కూర్చున్నంత వేగముగా లేచును. వీపున చెమటకాయలు, నుదుట సెగగడ్డలు, పండుచుట్టు నీగలు, చెవిచుట్టు దోమలు. అన్నము ముందఱ గూర్చున్న నిమిషముననే కరెంటు పోవును. వీనికి దోడు, సెలవులకు వచ్చిన ప్రతి బంధువును "ఎన్ని మార్కులు వచ్చినవిరా?" యని యడుగక మానడు. ఈ కడపటి బాధకు మజ్జిగయు మందు గాదు.

ఇక సుఖములు. తాటిముంజెలతో మొదలిడుదము. లేత కాయను చెక్కి యిచ్చినంతనే బొటనవ్రేలు గ్రుచ్చి జుఱ్ఱుకొనవలెను. నీరు చొక్కాపై జిందక తినగలవానిని మేమింతవఱకు జూచి యెఱుగము. తినగా మిగిలిన బుఱ్ఱలు రెండు దొరకినచో నడుమ పుల్ల గ్రుచ్చి, పంగలకఱ్ఱ తగిలించి బండి చేయుదుము. వేసవిలో కట్టలేటి యిసుకలో చెలమ దీసి, యూరిన నీటిని దోసిట బట్టుట మఱియొక వేడుక.

నూజివీడు మామిడికి మనము పొరుగువారము. చిన్నరసమును పెద్దరసమును చేతితో మెత్తగా పిసికి, తొడిమయొద్ద చిన్న రంధ్రము చేసి జుఱ్ఱుకొనవలెను. బంగినపల్లిని ముక్కలుగా గోసికొని తినవలెను. కలెక్టరుకాయను ఉప్పు కారములతో కొఱుకవలెను. ఈ విధి దప్పినవాడు మా జట్టులో నవ్వులపాలగును. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది గాని, మా జట్టు రసములకే పట్టము గట్టినది. ఆవకాయ పెట్టుదినమున పెద్దలు కాయలు గొట్టుచుండగా జీడి తీసి ముక్కలు తుడుచు పని పిల్లలది. తడిచేతితో దగ్గఱకు వచ్చినవానిని అమ్మమ్మ తఱుమును. జాడికెత్తిన పిమ్మట, బేసినులో మిగిలిన పిండిలో వేడియన్నము గలిపి ముద్దలు పెట్టునపుడు మాత్రము ఆమెయే వీధిలోని పిల్లలనందఱిని కేకవేసి పిలుచును.

క్రొత్తకుండ నీటిని మఱవరాదు. మట్టికుండ సన్నని రంధ్రములగుండ నీరు వెలికివచ్చి యావిరియగును. ఒక గ్రాము నీరావిరియగుటకు నించుమించు 580 కెలోరీల వేడిమి కావలెను. అందు చాల భాగము కుండలోని నీటినుండియే పోవును. కనుకనే గాలి తగులు నీడలో నుంచిన కుండనీరు చల్లబడును. తరగతిలో బట్టీపట్టిన యీ సూత్రము చెంబెత్తి త్రాగినపుడే మాకు నిజముగా బోధపడినది. రాత్రులు డాబాపై నీళ్లు చల్లి, చాపలు పఱచుకొని వరుసగా పండుకొందుము. నడిరేయి గాలివాన వచ్చినచో ఒకరి దిండొకరు, ఒకరి చాప యొకరు పట్టుకొని మెట్లపై బడుచు లేచుచు దిగుదుము. అప్పటికి చీవాట్లు, మఱునాటికి అదియే కథ.

పై సుఖములలో నొంటరిగా ననుభవింపదగిన దొక్కటియైన గలదా? ఒకని వీపున చెమటకాయలు బాధ. నలుగురి వీపుల నున్నచో నది పరిహాసము. కరెంటు పోవుట యింటిలో నొంటరిగా గూర్చున్నవానికి గ్రహచారము. అరుగుపై జేరినవారికి కథాకాలము. కనుక మా యభిప్రాయమిది: వేసవిలో మనము సుఖమనుకొను దానిలో సగము తోడివారు తెచ్చినదే, తగ్గిన బాధలో సగము వారు తీసికొనిపోయినదే.

ఇటీవల మఱియొక తీరు కనబడుచున్నది. ఏ.సి. గదిలో తలుపు మూసికొని, చేత సెల్‌ఫోను బట్టుకొని సెలవులన్నియు గడపి, "ఏమియు దోచుటలేదు" అనువారు మాలోనే కలరు. చల్లని గదిని మేము ద్వేషింపము. వృద్ధులకు, రోగులకు, పసివారికి నది ప్రాణరక్షణము. కాని తలుపు మూసినపుడు సెగతోపాటు స్నేహితుడును వెలుపలనే యుండిపోవుచున్నాడు. వాడెండలో నేమి చేయుచున్నాడో లోపలివానికి దెలియుటలేదు.

పరులను దప్పుపట్టుటకు మేమీమాట వ్రాయుటలేదు. మా తప్పునుండియే నేర్చితిమి. ఒక వేసవిలో మా జట్టులోనివాడొకడు సెలవులన్నియు గనబడలేదు. ఊరికి బోయెననుకొని యూరకుంటిమి. జూనులో బడి తెఱచినపుడు వాని ముంజేతులపై నల్లని మచ్చలు జూచి, "మామిడిపండ్లు తెగ మెక్కితివిరా, ఒళ్లంతయు సెగలెక్కినది" అని నవ్వితిమి. వాడును నవ్వెను. కొన్నాళ్లకు గాని నిజము దెలియలేదు: అవి తిన్న పండ్ల మచ్చలు గావు, కోసిన కాయల సొన కాలిన మచ్చలు. తండ్రితోగూడ తోటలో చిక్కము గట్టిన దోటితో కాయలు గోసి, బుట్టలు మోసి వేసవి గడపెనట. మేము పందెములు వేసికొని తిన్న రసములు వాని తలమీదుగా దిగినవే కావచ్చును. "ఎందులకు జెప్పలేదురా?" యని యడుగగా, "మీరడుగలేదుగదరా" యనెను. దానికి మాయొద్ద నుత్తరము లేకపోయెను.

ఎండ యందఱికి నొక్కటే గాని, నీడ యందఱికి నొక్కటి గాదు. 2015వ సంవత్సరపు వేసవిలో మన రాష్ట్రమున వడదెబ్బవలన 1,300 మందికి పైగా చనిపోయిరని ప్రభుత్వపు లెక్క. వారిలో పెక్కురు వృద్ధులును, ఎండలో కూలిపని చేయువారును. మైదానములలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెంటీగ్రేడు చేరినచో వాతావరణ శాఖవారు దానిని వడగాడ్పుగా బరిగణింతురు. ఆ మాట వినినపుడు మనము కిటికీ మూయుదుము. మూయుటకు కిటికీ లేనిచోట పనిచేయువారు గలరు.

మఱి విద్యార్థులు చేయగలిగినదేమి? పెద్ద కార్యములు చెప్పము. వీధివైపు నీడలో నొక క్రొత్తకుండ నుంచి, ప్రతిదినము కడిగి నింపి మూతబెట్టవచ్చును. నలుగురు మిత్రులు వంతులు వేసికొన్నచో నదియే చలివేంద్రము. ఆ కుండయొద్ద "నీవెవరివాడవు?" అను ప్రశ్న యుండరాదు. నడిమధ్యాహ్నపు టాటలను ప్రాతఃకాలమునకు మార్చుకొనవచ్చును. సాగరు ఎడమకాలువకు నీరు వచ్చినపుడును, బావులయొద్దను, క్వారీగుంటలయొద్దను ఈతరానివారిని దిగనీయరాదు. దిగుదునన్న స్నేహితుని చేయిపట్టి యాపుటయే స్నేహము. సెలవులలో గనబడని మిత్రుని యింటికి బోయి యడుగవలెను. వాడు పనిలో నున్నచో, తిరిగివచ్చువఱకు ఆట నాపియుంచవలెను.

మఱుసటి వేసవిని మేమట్లే చేసితిమి. వాడు చీకటిపడు వేళకు వచ్చి, కుండనీరు రెండు చెంబులు త్రాగి, డాబాపై మా నడుమ పండుకొనెడివాడు. మృగశిర ప్రవేశించి తొలకరి చినుకులు పడిన రాత్రి, చాప చుట్టుకొని యందఱికంటె ముందు పరుగెత్తినవాడు వాడే. కావున వేసవిని దిట్టువారు తిట్టుదురుగాక. మేమును దిట్టుదుము, కాని జట్టులో నెవరు రాలేదో లెక్కచూచుకొన్న పిమ్మటనే తిట్టుదుము.