పెట్టెలో పాటలు పెట్టెలోనే ఉండిపోకూడదు

ఏప్రిల్ దగ్గర పడుతోందంటే మన ఇళ్లలో అట్టపెట్టెలు అటక దిగుతాయి. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు చేతికి రాకముందే ఏది వెంట వస్తుంది, ఏది కబాడీవాలాకు పోతుంది అనే లెక్క మొదలవుతుంది. ఆ లెక్కలో ఈ మధ్య తరచుగా ఓడిపోతున్న వస్తువు పాత గేమ్ పెట్టె. "ఫోన్లోనే ఇన్ని ఆటలుండగా ఈ బరువు ఎందుకురా?" అంటారు నాన్నగారు. ఆ పెట్టె తరఫున మేం రెండు మాటలు చెప్పదలచుకున్నాం. ఆటల కోసం కాదు, అందులో ఉన్న పాటల కోసం.

తెలుగు టీచర్లకు గేమ్ పెట్టెలతో ఏం పని అనుకోకండి పిల్లలూ. మేమూ మీలాగే మూడేళ్లకో నాలుగేళ్లకో ఊరు మారేవాళ్లమే. ఏ ఊరు వెళ్లినా మా ముందు కూర్చునే పిల్లల్లో చాలామందికి తెలుగు చెవి ద్వారా వచ్చిందే కానీ పుస్తకం ద్వారా వచ్చింది కాదు. ఆ చెవికి మేత ఎక్కడ దొరుకుతోందో తెలుసుకోవడం కూడా మా పనే.

ముఖ్యంగా మేం మాట్లాడుతున్నది 2001 నవంబరులో అమెరికాలో విడుదలైన మొదటి ఎక్స్‌బాక్స్ గురించి. మన క్వార్టర్లలోకి అది రెండు దారుల్లో వచ్చింది. అమెరికాలో ఉన్న బాబాయిగారి పిల్లలు పెద్దవాళ్లయ్యాక మనకు ఇచ్చిపోయినవి కొన్ని. పాలికా బజార్‌లోనో నెహ్రూ ప్లేస్‌లోనో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవి ఇంకొన్ని. దాని లోపల 8 జీబీ హార్డ్ డిస్క్ ఉంటుంది. ఇప్పటి ఫోన్లతో పోలిస్తే అది ఏ మూలకూ రాదు. కానీ పాటల సీడీ పెడితే ఆ పాటల్ని తన డిస్కులోకి ఎక్కించుకుని, మనం పెట్టిన పేరుతో ఒక జాబితాగా దాచుకునేది. కొన్ని ఆటల్లో ఆ ఆట సంగీతానికి బదులు మన జాబితానే మోగించవచ్చు. ప్రాజెక్ట్ గోథమ్ రేసింగ్ అనే కార్ల ఆటలో న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో, లండన్, టోక్యో వీధులుంటాయి. ద్వారకాలో కూర్చుని, టోక్యో వీధుల్లో కారు తోలుతూ, ఘంటసాల పాట వినవచ్చన్నమాట. ఆ పాటను ఆట తయారుచేసినవాళ్లు ఊహించి కూడా ఉండరు.

అయితే ఆ పెట్టెలో ఒక పేచీ ఉంది. పాటలు లోపలికి వెళ్లడానికి దారి ఉంది, బయటికి రావడానికి లేదు. సీడీ పోయిందా, పాట ఆ డిస్కులో బందీ. పెట్టెను మార్పు చేయించుకున్నవాళ్లకు మాత్రం కేబుల్‌తో కంప్యూటరుకు కలిపి, పాటల ఫైళ్లను ఇటూ అటూ నడిపించే వీలు వచ్చింది. ఇలా మార్చిన పెట్టెల కోసమే ఔత్సాహికులు ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్ అనే ప్రోగ్రాం రాశారు. 2014 నుంచి దాని పేరు కోడి. దాన్ని ఇవాళ టీవీల్లో వాడుతున్న చాలామందికి అది ఒక పాత ఆటపెట్టెలో పుట్టిందని తెలియదు.

మార్పు అనగానే దొంగ డిస్కులు గుర్తుకొస్తాయి, మాకు తెలుసు. బజారులో చాలామంది చేయించుకున్నది అందుకే. దాన్ని మేం సమర్థించం. 2012లో సవరించిన మన కాపీరైట్ చట్టంలోని 65ఎ సెక్షన్, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళాలు తీయడాన్ని నేరంగా చెబుతుంది. మన ఇంటి పాటను మనం తిరిగి తీసుకోవడం వేరు, డబ్బులివ్వని ఆటను ఆడటం వేరు. ఈ తేడా ఎనిమిదో తరగతి పిల్లలకు చెబితే అర్థమవుతుంది. కొందరు పెద్దలకే చెప్పడం కష్టం.

ఇంతకూ పాటలు లోపల ఎలా ఉంటాయో చూడండి. ఫోల్డర్లకు, ఫైళ్లకు అన్నీ అంకెల పేర్లే. ఏ అంకె ఏ పాట, ఏ పాట ఏ జాబితాలోది అన్న సంగతి 'ఎస్‌టీ.డీబీ' అనే ఒకే ఒక్క చిన్న ఫైల్లో రాసి ఉంటుంది. మన స్కూలు అటెండెన్స్ రిజిస్టరు లాంటిది. రిజిస్టరులో పేరు ఎక్కకుండా ఒక పాటను తెచ్చి ఫోల్డరులో పడేస్తే పెట్టె దాన్ని గుర్తించదు. పిల్లవాడు క్లాసులో కూర్చున్నా హాజరు పట్టీలో పేరు లేనట్టే. కాబట్టి కాపీ చేసేటప్పుడు పాటలతోపాటు ఆ ఫైలును కూడా తీసుకోవాలి. అది లేకుండా తెచ్చుకుంటే అంకెల మూట మిగులుతుంది. ఒక్కొక్కటీ వింటూ పేర్లు పెట్టుకోవాలి.

ఇంకో తాళం ఉంది. అది అసలైన తాళం. ఆ హార్డ్ డిస్క్ తన మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. బోర్డు మీద ఈఈప్రామ్ అనే చిన్న చిప్‌లో ఉన్న సమాచారం లేకుండా డిస్క్ తెరుచుకోదు. బోర్డు చచ్చిపోతే డిస్క్ బతికి ఉన్నా మాట్లాడదు. పాత బోర్డులు చచ్చిపోవడానికి కారణాల్లో గడియారం కోసం పెట్టిన ఒక కెపాసిటర్ ముఖ్యమైనది. ఏళ్లు గడిచేకొద్దీ అది కారి, చుట్టుపక్కల రాగి గీతల్ని తినేస్తుంది.

మా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడి ఇంట్లో జరిగింది ఇదే. వాళ్ల అమ్మమ్మ కరీంనగర్ వైపు. ఆవిడ పాడిన బతుకమ్మ పాటల్ని ఎప్పుడో క్యాసెట్లో పట్టి, తర్వాత సీడీ చేయించారు. మేనమామ ఆ సీడీని పెట్టెలోకి ఎక్కించి పిల్లలకిచ్చాడు. ఝాన్సీ నుంచి ఢిల్లీకి సామాను మారినప్పుడు సీడీ పగిలింది. క్యాసెట్ అంతకుముందే బూజు పట్టింది. అప్పటికి అమ్మమ్మ లేరు. ఇక ఆ గొంతు ఉన్నది ఆ పెట్టెలో మాత్రమే. గత దసరాకు ముందు పెట్టె వెలగడం మానేసింది. మొదట చూపించిన దుకాణంలో, "డిస్క్ మార్చేస్తాం, కొత్తదానిలా పనిచేస్తుంది" అన్నారు. వాళ్ల దృష్టిలో అది మరమ్మతే. పిల్లవాడు ఒప్పుకోలేదు. పెట్టె పట్టుకుని నెహ్రూ ప్లేస్‌లో మూడు అంతస్తులు ఎక్కి దిగాడు. చివరికి ల్యాప్‌టాప్ బోర్డులు బాగుచేసే ఒకాయన, ఆ చచ్చిన బోర్డు మీది చిన్న చిప్‌ను విడిగా చదివి, దాంతో డిస్కును తెరిచి ఇచ్చాడు. పదకొండు పాటలు. రిజిస్టరులో వాటి పేర్లు 'పాట 1', 'పాట 2' అని ఉన్నాయి. ఏ పాట ఏదో చెప్పగలిగినవాళ్లు ఆ ఇంట్లో ఇప్పుడు వాళ్లమ్మ ఒక్కరే.

ఫోన్లో అన్ని పాటలూ ఉన్నాయి కదా టీచర్, అని మీరు అడుగుతారు. సినిమా పాటలైతే నిజమే. చందా కట్టినన్నాళ్లూ ఉంటాయి, ఎవరి హక్కులో మారిన రోజున కొన్ని మాయమవుతాయి. కానీ మీ అమ్మమ్మ పాట ఏ కంపెనీ దగ్గరా ఉండదు. తెలంగాణ భవన్‌లో బతుకమ్మ ఆడేటప్పుడు స్పీకర్లో మోగేవి అందరి పాటలు. మీ ఇంటి యాసలో, మీ ఇంటి మనుషుల పేర్లు కలిపి పాడినవి అక్కడ మోగవు. ఇల్లు మారని పిల్లలకు ఆ గొంతులు వాకిట్లోనే వినిపిస్తాయి. మనకు మాత్రం ఏదో ఒక డిస్కులో వెంట రావాలి.

అందుకే సామాను సర్దకముందు ఒక ఆదివారం దీనికి కేటాయించండి. మార్చిన పెట్టె అయితే ముందుగా ఈఈప్రామ్ కాపీ తీసి, ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచండి. ఆ తర్వాత పాటల ఫోల్డరు మొత్తం, రిజిస్టరు ఫైలుతో సహా కంప్యూటరులోకి దించండి. మార్చనిది అయితే, పాటలు మోగుతుండగా ఆడియో వైరుతో కంప్యూటరులోకి రికార్డు చేయవచ్చు. నాణ్యత కొంచెం తగ్గుతుంది, ఫరవాలేదు. అమెరికా పెట్టె అయితే అది 110 వోల్టులది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన ప్లగ్గులో పెట్టకండి. కొత్త ఊళ్లో సామాను విప్పిన తొందరలో ఈ పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ. కెపాసిటర్ సంగతి తెలిసినవాళ్లకు చూపించండి. ఇంత చేశాక పెట్టెను కబాడీకి ఇస్తారో ఉంచుకుంటారో నాన్నగారితో మీరే తేల్చుకోండి.

ఒక్క పని మాత్రం మాతో కలిసి చేయాలి. ఆ పెట్టె తెరమీది కీబోర్డులో తెలుగు అక్షరాలు లేవు. అందుకని ఏ అంకె ఏ పాటో, ఎవరు పాడారో, ఏ ఊళ్లోనో ఒక కాగితం మీద తెలుగులో రాయండి. అమ్మనో పెద్దమ్మనో ఫోన్లో అడిగి రాయండి. తెలిసినవాళ్లు ఉండగానే అడగాలి. కాగితం మా దగ్గరికి తెస్తే అక్షరదోషాలు దిద్ది ఇస్తాం. మంగళ, గురువారాల్లో ఆఖరి పీరియడ్ మాకు ఖాళీ.