ఉమీద్‌లో పేరు ఎక్కితే చాలదు, హద్దులూ కలవాలి

కేంద్రం 2025 జూన్ 6న ప్రారంభించిన ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల నమోదుకు ఇచ్చిన ఆరు నెలల గడువు డిసెంబర్‌లో ముగిసింది. కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి 5.17 లక్షల ఆస్తుల నమోదు మొదలైంది. ఆమోదం దొరికింది మాత్రం 2.16 లక్షలకే. గడువు పెంచడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, కావాలంటే వక్ఫ్ ట్రిబ్యునల్‌కు వెళ్లమంది. చర్చంతా ఈ అంకెల చుట్టే తిరుగుతోంది. కానీ చూడాల్సింది ఇంకొకటుంది. రిజిస్టర్‌లోని భూమి, మ్యాపులోని భూమి ఒకటేనా?

వక్ఫ్ రికార్డు అంటే ఒక పట్టిక. ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, ముతవల్లీ పేరు అందులో ఉంటాయి. మ్యాపు రెవెన్యూ, సర్వే శాఖల దగ్గర ఉంటుంది. ఈ రెండింటినీ కంప్యూటర్‌లో జోడించాలంటే రెండు చోట్లా ఒకేలా ఉండే గుర్తు ఒకటి కావాలి. ఇన్నాళ్లూ ఆ గుర్తు సర్వే నంబరే.

ఇక్కడే చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. వక్ఫ్ గెజిట్‌లో మాత్రం పాత నంబరే ఉంది. ఏ పాత నంబరు ఏ కొత్త నంబరైందో చెప్పే జాబితా లేకుండా వెతికితే కంప్యూటర్ ‘లేదు’ అనే చెబుతుంది. ఖబ్రస్తాన్ ఉన్నచోటే ఉంటుంది, రికార్డులో మాత్రం దొరకదు.

విస్తీర్ణంలోనూ ఇదే తంటా. తెలంగాణలో లెక్క గుంటల్లో, ఆంధ్రలో సెంట్లలో. పాత కాగితంలో ‘2-20’ అంటే 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. దాన్నే 2.20 అని టైపు చేస్తే 2 ఎకరాల 20 సెంట్లే అవుతుంది. చుక్క మారినందుకు 12 గుంటలు, అంటే 1,452 గజాలు తగ్గిపోతాయి.

ఇక జియో ట్యాగింగ్. మస్జిద్ గేటు దగ్గర నిలబడి ఫోన్‌తో తీసిన లొకేషన్ మ్యాపుపై ఒక చుక్క మాత్రమే. ఆస్తి ఎక్కడుందో అది చెబుతుంది, ఎంతవరకు ఉందో చెప్పదు. ఆక్రమణల గొడవలన్నీ ఆ ‘ఎంతవరకు’ దగ్గరే కదా!

అందుకే కమిటీలు, ముతవల్లీలు ఇప్పుడే నాలుగు పనులు చేసుకోవాలి. పాత, కొత్త నంబర్లు రెండూ పక్కపక్కనే రాసుకోవాలి. విస్తీర్ణం అంకెతో పాటు ఎకరాలా, గుంటలా, సెంట్లా, గజాలా అన్నది స్పష్టంగా పేర్కొనాలి. హద్దు మూలలన్నిటి దగ్గరా లొకేషన్ తీయాలి. ముంతఖబ్, గెజిట్, టిప్పన్ లేదా ఎఫ్‌ఎంబీ నకళ్లు సంపాదించి దాచుకోవాలి.

మ్యాపు జోడించినంత మాత్రాన హక్కు రాదు, పోదు. కానీ రేపు ట్రిబ్యునల్‌లో వాదన వినిపించాల్సి వస్తే ముందుగా అడిగేది ఈ కాగితాలనే. హద్దులు చూపించగల పెద్దలు ఊళ్లో ఉండగానే కొలతలు పూర్తి చేసుకోవడం మంచిది.