వర్గీకరణముపై ఒక ప్రత్యుత్తరము



రిజర్వేషన్లలో షెడ్యూల్డు కులముల వర్గీకరణము దళితుల ఐక్యతను చీల్చునని గత సంచికలో ఒక పాఠకమహాశయులు వ్రాసినారు. ఆదివారమునాడు ఆబిడ్స్ కాలిబాటలపై పాతపుస్తకములేరుకొని, నాంపల్లి పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఫలితములకై నిరీక్షించు దళిత యువజనులలో, తాతల నాడే చదువబ్బిన కుటుంబముల వారికిని, నిన్నమొన్న బడిమెట్లెక్కిన వారికిని ఒకే పంక్తి యెట్లు న్యాయమగునో మాత్రము వారు సెలవీయలేదు. ఇట్టి వర్గీకరణము చెల్లదని 2004లో చిన్నయ్య వ్యాజ్యమున తీర్పిచ్చిన సుప్రీంకోర్టే 2024 ఆగస్టు 1న, ఏడుగురు న్యాయమూర్తులలో ఆరుగురి సమ్మతితో, ఉపవర్గీకరణమును అనుమతించినది. తెలంగాణమున 2025 ఏప్రిల్ 14 నుండి 59 షెడ్యూల్డు కులములు మూడు వర్గములై, వాటి 15 శాతము రిజర్వేషను 1, 9, 5 శాతములుగా పంచబడినది. దీనిని చీలిక యనుట తొందరపాటు. అయితే కొలువులే భర్తీ కానిచో ఏ వర్గమునకును ఒరుగునది లేదు గనుక, ప్రభుత్వమువారు శాఖలవారీగా ఖాళీల పట్టికను వెంటనే ప్రకటింపవలెనని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, నాంపల్లి, హైదరాబాదు