ఏ అడవి నుంచి వచ్చిందండీ?

ఈ వార్త ఏటా చదువుతూనే ఉంటాం. ఊరి పేరు మారుతుంది, తక్కినదంతా ఒకటే. రాజోలు వైపో కొత్తపేట వైపో ఓ ఇంటి అటక మీద, కాదంటే రొయ్యల చెరువు గట్టు మీద ‘వింత జంతువు’ కనబడింది. జనం హడలిపోయారు. అడవి నుంచి దారితప్పి వచ్చి ఉంటుందని భావిస్తున్నారు. వల వేసి పట్టి, సురక్షితంగా అడవిలో వదిలిపెట్టారు. ఫొటోలో ఇనప బోను, దాని చుట్టూ సెల్‌ఫోన్లు. వాట్సాప్ గ్రూపుల్లో అందరూ దణ్ణం బొమ్మలు పెడతారు.

ఈ కథలో మొదటి మాట నుంచి చివరి మాట దాకా నాకు పేచీయే.

ముందు అడవి సంగతి తేలుద్దాం. ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, నడుమ వైనతేయ, కింద సముద్రం. కోనసీమంటే ఇదే. కొండ లేదు, గుట్ట లేదు. మారేడుమిల్లి అడవిలో బయల్దేరిన జంతువు అమలాపురం చేరాలంటే నూరు కిలోమీటర్ల పైచిలుకు నడవాలి. జొన్నాడ దగ్గర గౌతమి దాటాలి. రావులపాలెంలో అరటి గెలల లారీల సందుల్లోంచి నెట్టుకు రావాలి. ఇంతా చేసి వచ్చేది దేనికి? మన అటక ఎక్కడానికి! మనకంటూ అడవి ఉన్నది కాట్రేనికోన మండలంలో, కందికుప్ప, బలుసుతిప్ప వైపున్న మడలే. గౌతమికి ఆవలి ఒడ్డున కోరింగ అభయారణ్యం ఉంది, 1978లో ప్రకటించినది, దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. తక్కిన కోనసీమంతా వరి, కొబ్బరి, అరటి, చెరువులు, ఇళ్లు.

మరి ఈ జంతువులన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? ఎక్కడి నుంచీ రాలేదు. ఇక్కడే ఉన్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కాకముందు ఈ నేలలో రెల్లు, తుంగ, పాయలు, మడుగులు ఉన్నప్పుడూ ఉన్నాయి. ఆనకట్ట తర్వాత కాలవలు, బోదెలు ఊరూరికీ పాకినప్పుడు వాటి వెంటే ఊరూరికీ పాకాయి. చాలామటుకు పగలు పడుకుని రాత్రి తిరుగుతాయి కాబట్టి మన కంటపడలేదు. మనం చూడలేదు గనక అవి లేవనుకోవడం మన తప్పేగాని వాటి తప్పు కాదు.

అటకల మీద చాలామటుకు దొరికేది మానుపిల్లి. దాన్ని పునుగుపిల్లి అని రాసేస్తారు. రెండూ ఒక కుటుంబానివే, జంతువులు మాత్రం వేరు. పునుగుపిల్లి ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది. బూడిదరంగు ఒంటి మీద నల్లచుక్కలు వరసల్లో ఉంటాయి, వీపు పొడవునా గీతలుంటాయి, తోక మీద నలుపు తెలుపు పట్టీలుంటాయి. తిరుమలలో శుక్రవారం అభిషేకమయ్యాక స్వామికి పూసే పునుగు తైలం దీనిదే. మానుపిల్లి తోక మీద పట్టీలుండవు. తోక ఇంచుమించు ఒంటి పొడవు ఉంటుంది. ఒళ్లు ముదురు రంగు, కళ్ల చుట్టూ నలుపు, కంటి కింద తెల్లమచ్చ. చెట్టెక్కడంలో దానికి సాటి లేదు. తాడిచెట్టెక్కి కల్లు ముంతలో మూతి పెడుతుందని ఇంగ్లీషువాళ్లు దానికి కల్లు పేరే పెట్టారు.

అసలు జంతువు కనబడకపోయినా ఫరవాలేదు. తెల్లారి పిట్టగోడ మీద చూడండి. సపోటా గింజలో బొప్పాయి గింజలో ఒక ముద్దగా అంటుకుని ఎండిపోయి ఉంటాయి. పుల్లతో కదిపితే గింజ గింజా విడిగా, చెక్కు చెదరకుండా, నున్నగా బయటపడుతుంది. గుజ్జంతా అరిగింది, గింజ మాత్రం అరగలేదు. నాలుగు రోజులు వరసగా అదే గోడ మీద అదే చోట కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. మీ ఇంట్లో మానుపిల్లి కాపురముంది.

పెంకుటిళ్ల రోజుల్లో రాత్రి అటక మీద దడదడలాడితే పెద్దవాళ్లు కళ్లు కూడా తెరవకుండా “మానుపిల్లిలే, పడుకోండ్రా” అనేవారు. ఏ అటవీ శాఖకూ ఫోన్లు వెళ్లేవి కావు. ఇప్పుడు పెంకుటిళ్లు పోయి శ్లాబులొచ్చాయి. తొర్రలున్న పాత చింతలు, మామిళ్లు కొట్టేశాం. పిల్లలు పెట్టడానికి దానికి చోటు కావాలి కదా, ఫాల్ సీలింగు మీదకి చేరింది. మనం దాని తొర్ర నరికి, అది మన ఇంట్లోకి చొరబడిందని గోల చేస్తున్నాం.

ఇక ‘సురక్షితంగా అడవిలో వదిలేశారు’ అన్న వాక్యం. అందరూ మెచ్చుకునేది దీన్నే, నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే. పట్టుకెళ్లింది తల్లినైతే పిల్లలు సీలింగు మీద ఆకలితో చస్తాయి. వాసన వచ్చాక గాని మనకి తెలియదు. తీసుకెళ్లి వదిలిన చోట ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, నీళ్లెక్కడో ఆ తల్లికి తెలియదు. అక్కడ ముందే ఉన్న మానుపిల్లి దీన్ని రానివ్వదు. ఇదేం రక్షించడం? పిల్లలు కాస్త పెద్దవయ్యాక తల్లే వాటిని వెంటబెట్టుకుని వెళ్లిపోతుంది. అప్పుడు ఆ కన్నం మూసేస్తే సరిపోతుంది. వల, బోను, జీపు ఏవీ అక్కర్లేదు.

“పిల్లలున్న ఇల్లు, భయం ఉండదా?” అంటారు. ఉంటుంది, కాదనను. 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం దగ్గర దివాన్‌చెరువులో, తర్వాత కడియం నర్సరీల్లో తిరిగింది నిజంగా చిరుతే. గౌతమికి ఈవలున్న మనకీ నిద్ర పట్టలేదు. కాని అలాంటప్పుడే జంతువును గుర్తుపట్టడం మరీ అవసరం. చెరువు గట్టు మీద మచ్చల జంతువు కనిపించగానే ‘చిరుత పిల్ల’ అని పుకారు లేస్తుంది, కర్రలు లేస్తాయి. ఆ కర్రల కింద పడే ప్రమాదం ఎక్కువగా బావురుపిల్లికే.

బావురుపిల్లి చేపలు పట్టే పిల్లి. ఊరపిల్లికి రెట్టింపుంటుంది, మగది పది కిలోలు దాటుతుంది. పొట్టి కాళ్లు, బరువైన ఒళ్లు, ఆకుపచ్చ జీరతో బూడిదరంగు, దాని మీద చిన్న చిన్న నల్లచుక్కలు వరసల్లో. చిరుత మచ్చలు అలా ఉండవు. గుత్తులుగా ఉండి మధ్యలో పసుపు కనిపిస్తుంది. చీకట్లో టార్చి వెలుగులో మచ్చలు తేల్చుకోలేకపోతే తోక చూడండి. చిరుతకి తోక బారెడు, ఒంట్లో సగానికి మించి ఉంటుంది. బావురుపిల్లి తోక ఒంట్లో మూడో వంతే, కురచగా లావుగా ఉంటుంది. పిల్ల చిరుతకైనా తోక పొడుగే. బురదలో అడుగులు పడితే అవీ చెబుతాయి. ఎదిగిన చిరుత అడుగు వెడల్పు ఏడెనిమిది సెంటీమీటర్లు, బావురుపిల్లిది ఐదు చుట్టుపక్కల. వేళ్ల మధ్య కొంతమేర తోలుండటంతో బురదలోనూ నీళ్లలోనూ సులువుగా నడుస్తుంది. గట్టు అంచున కూర్చుని పంజాతో చేపను ఒడ్డుకి చిమ్ముతుంది, అవసరమైతే నీళ్లలోకే దూకుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూలులోనే ఉంది. గోదావరి మడల్లో దాని మీద సర్వేలు జరిగాయి. మనం మాత్రం పొరుగుదాన్ని ‘వింత’ అంటున్నాం. ఇలాంటి నీటి జంతువును తీసుకెళ్లి కొండ అడవిలో వదిలితే ఏం తిని బతుకుతుందో వదిలినవాళ్లే చెప్పాలి.

నీటికుక్కల విషయంలో మాత్రం వాటివల్ల నష్టమనేవాళ్ల వాదనకు బలం ఉంది, ఒప్పుకోవాలి. వనామీ రొయ్యల రైతు అప్పు తెచ్చి పోసిన చెరువులో నాలుగైదు నీటికుక్కలు దిగితే ఒక్క రాత్రి నష్టం చిన్నది కాదు. దానికి మందు గట్టు చుట్టూ వల కంచె. విషం పూసిన చేప కాదు. ఆ చేపని నీటికుక్కే తింటుందని ఎవరు చెప్పారు? ఊరకుక్క తినొచ్చు, గద్ద తినొచ్చు. నీటికుక్కల్ని గుర్తుపట్టడం సులువు. గుంపుగా తిరుగుతాయి, పగలూ కనిపిస్తాయి, నీళ్లలోంచి చదునైన తలలెత్తి మనల్నే చూస్తాయి. గట్టు మీద ఒకే దిబ్బ మీద చేప పొలుసులు, పీత చిప్పలు కలిసిన పెంట వేస్తాయి. నీచు వాసన దూరానికే కొడుతుంది.

ఈ జబ్బు కోనసీమదొక్కటే కాదులెండి. 2017లో విశాఖలో కడుతున్న ఒక భవనంలో దొరికిన తెల్లగూబ పిల్లల్ని గ్రహాంతరవాసులన్నారు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. పాలిపోయిన మొహం, పొడుగు కాళ్లు, ఇంకా ఈకలు రాని ఒళ్లు. మన పొలాల్లో ఎలుకల్ని తినే గూబ పిల్లలవి. ఎలుకల బుట్టలు పెట్టేవాళ్లకి లెక్కగట్టి కూలి ఇస్తాం, ఆ పని ఉచితంగా చేసేదాన్ని చూసి జడుసుకుంటాం.

విలేఖరులకు ఒక్క మాట. జనం భయపడ్డారంటే భయపడ్డారనే రాయండి, తప్పులేదు. అచ్చుకి వెళ్లే ముందు ఆ ఫొటో దగ్గర్లోని డిగ్రీ కాలేజీ జువాలజీ మాస్టారికి పంపండి. ఐదు నిమిషాల్లో పేరు వస్తుంది. ఆ పేరు శీర్షికలో పెట్టండి.

అధికారులకు చెప్పాల్సింది వేరే. ఎండాకాలం కాలవలు కట్టేసి పూడిక తీసేటప్పుడు రెండు గట్ల మీదా తుంగ, జమ్ము, రెల్లు పొక్లెయిన్లతో గీకేస్తున్నారు. నీటికుక్క పిల్లలు పెట్టేదీ బావురుపిల్లి పగలు పడుకునేదీ ఆ పొదల్లోనే. ఆ పొదల్ని తీసేశాకే ఈ జంతువులు మన ఇళ్ల వెనక తేలతాయి. ఒక ఏడు ఒక గట్టు, మరుసటేడు రెండో గట్టు తీయండి. పొక్లెయిను అదే, డీజిలూ అంతే. అమలాపురం పక్కనే ఉన్న కౌశిక డ్రెయిను మీద వచ్చే వేసవిలోనే మొదలుపెట్టొచ్చు.