మాట మార్చారు, ట్యూన్ అలాగే ఉంది

"పాటని పాటలా వినండి, మధ్యలో రాజకీయాలెందుకు?" రిచర్డ్ స్ట్రాస్ పేరెత్తితే చాలు, ఈ మాట సిద్ధంగా ఉంటుంది. ఆయన ఒపేరాల వరకూ ఆ వాదన నడుస్తుందేమో. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కి ఆయన కట్టిన ‘ఒలింపిక్ గీతం’ దగ్గర మాత్రం నడవదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒంటరిగా వినడానికి పుట్టిన పాటా అది? స్టేడియం, జెండాలు, భారీ కోరస్, ఎదురుగా హిట్లర్. ఇవన్నీ తీసేస్తే అందులో మిగిలేది చాలా తక్కువ.

ముందు సాహిత్యం సంగతి చూద్దాం. రాసినవాడు రాబర్ట్ లూబాన్. న్యాయబలమే అన్నిటికన్నా గొప్పదని ఆయన రాసుకున్నాడు. అది నాజీలకి మింగుడుపడలేదు. ‘న్యాయబలం’ తీసేసి ఆ చోట ‘ప్రమాణానికి కట్టుబడటం’ అని పెట్టారు. జర్మన్‌లో రెండు మాటలూ ఒకే కొలతలో ఉంటాయి కాబట్టి ట్యూన్‌కి ఏ ఇబ్బందీ రాలేదు! ఏ ప్రమాణం? 1934 ఆగస్టు నుంచి జర్మన్ సైనికులు రాజ్యాంగానికి కాకుండా హిట్లర్ అనే మనిషికి, పేరు పెట్టి మరీ, విధేయత ప్రమాణం చేస్తున్నారు. 1935 సెప్టెంబర్‌లో న్యూరెంబర్గ్ చట్టాలతో యూదుల పౌరసత్వం తీసేశారు. అలాంటి ఊళ్ళో పండగ పూట న్యాయం గురించి పాడితే బాగుండదు మరి. ‘శాంతి’ మాత్రం పాటలో భద్రంగానే ఉంది. దానివల్ల ఎవరికీ ఖర్చు లేదు.

స్ట్రాస్‌కి ఈ పని మీద గౌరవమేమీ లేదు. ఆటలంటేనే తనకి పడదనీ, ఏదో పొద్దుపోక జనం కోసం ఈ పాట కడుతున్నాననీ 1934 డిసెంబర్‌లో స్టెఫాన్ జ్వైగ్‌కి వెటకారంగా రాశాడు. జ్వైగ్ యూదు రచయిత, అప్పట్లో ఆయన ఒపేరాకి సాహిత్యం రాసినవాడు. మరుసటేడు జ్వైగ్‌కే రాసిన ఇంకో ఉత్తరం గెస్టపో చేతిలో పడి, రైఖ్ సంగీత మండలి అధ్యక్ష పదవి ఊడింది. కోడలు యూదు మహిళ. మనవల గురించి భయం. అది నిజమైన భయమే, దాన్ని ఎగతాళి చేసే హక్కు నాకు లేదు. అయినా 1936 ఆగస్టు 1న వేదికెక్కి ఆ పాటని స్వయంగా కండక్ట్ చేసింది ఆయనే.

"ఆయనకి నమ్మకం లేదు కదా, పాపం" అంటారు అభిమానులు. నాకు ఒళ్ళు మండేది సరిగ్గా ఇక్కడే. నమ్మకం లేకుండానే పాట అంత గంభీరంగా మోగింది, కోరస్‌లో ప్రతి గొంతూ మార్చిన మాటనే పాడింది. పాలకులకి కావలసింది కూడా అంతే. లోపల వెటకారం దాచుకున్న పెద్ద కళాకారుడి వల్ల వాళ్ళకొచ్చిన నష్టమేంటి? మనం ఆ వెటకారాన్ని వెతికి పట్టుకొచ్చి ఆయనకి సర్టిఫికెట్ ఇస్తున్నాం. మాట పోగొట్టుకున్న లూబాన్ మాత్రం ఎవరికీ గుర్తు లేడు.

ఒలింపిక్ కమిటీ 1958లో, 1896 ఏథెన్స్ కోసం సమారస్ స్వరపరచిన గీతాన్ని అధికారికం చేసుకుంది. స్ట్రాస్‌ది రికార్డింగుల్లో, కచేరీల్లో ఉంది. ఉండనివ్వండి, నిషేధించమని అనడం లేదు. వేసిన ప్రతిచోటా కరపత్రంలో లూబాన్ రాసిన మాటనీ, నాజీలు పెట్టిన మాటనీ పక్కపక్కనే అచ్చువేయమంటున్నాను.